బ్యూరెట్ చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఒకటి

ఆ రోజు బ్యూరెట్‌లో ద్రావణం పన్నెండో గీత దగ్గర ఆగింది. నేను "నాలుగు పాయింట్ రెండు" అని పైకి చదివాను. గొంతు వణకలేదు. కళ్లజోడు మసకబారిందనో, గీతలు అరిగిపోయాయనో ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, గీత నాకు శుభ్రంగా కనిపించింది. కనిపించింది కాబట్టే మార్చి చదవగలిగాను.

తణుకు దగ్గర ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పి కిందటేడు రిటైరయ్యాను. రిటైరైనవాళ్లు రాసుకునే జ్ఞాపకాల్లో సాధారణంగా వాళ్లు చేసిన మంచి పనులుంటాయి. నేనూ అలాగే రాద్దామని కూర్చున్నాను. ఎంత ఆలోచించినా కాగితం మీద పెట్టదగ్గవి పెద్దగా తట్టలేదు. చెప్పదగ్గ తప్పు మాత్రం ఒకటి వెంటనే తట్టింది. ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరి, ల్యాబు తాళాలు జేబులో వేసుకుని తిరుగుతున్న మీలాంటివాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

నా సర్వీసు ముగింపుకొస్తున్న రోజుల్లో, భీమవరం శివార్లలో రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒక పరిశోధనశాలవాళ్లు సైన్సు చెప్పేవాళ్లను వేసవి సెలవుల్లో తమ దగ్గరికి పిలిచారు. ఆరు వారాలు అక్కడి పరిశోధకులతో కలిసి పనిచెయ్యాలి. సైన్సు చెప్పేవాళ్లలో చాలామంది సైన్సు ఎప్పుడూ చెయ్యలేదనీ, జవాబు ముందే తెలిసిన ప్రయోగాలతోనే కాలం గడుపుతారనీ, జవాబు ఎవరికీ తెలియని ప్రయోగం ఒక్కటైనా చేస్తే వాళ్లు పాఠం చెప్పే తీరే మారుతుందనీ ఆ కార్యక్రమం ఉద్దేశం. మంచి ఉద్దేశం. నా ఉద్దేశం ఇంకొంచెం చిన్నది. మే నెలలో ఏసీ గది, చివర్లో సర్టిఫికెట్.

మొదటి రోజు ఏసీ గది చూపించారు. అందులో మిషన్లున్నాయి, మనుషులు లేరు. మనుషులు పనిచేసేది పక్కనున్న రేకుల షెడ్డులో. అక్కడ నీళ్లతో నిండిన పెద్ద పెద్ద తొట్లు, వాటిలో గాలి బుడగలు, బయట చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల హోరు. పిఠాపురం నుంచి వచ్చిన జువాలజీ మేడం ఒకావిడ షెడ్డంతా కలియజూసి, "మాష్టారూ, మనల్ని రొయ్యల్ని చెయ్యడానికి పిలిచారేమోనండీ" అంది. ఆవిడ మాట ఎప్పుడూ అంతే.

నన్ను ఒక అమ్మాయికి అప్పగించారు. అప్పగించారు అన్న మాట సరిగ్గా వాడుతున్నాను. ఆ అమ్మాయి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. నరసాపురం అవతల, సముద్రం ఒడ్డున వేట చేసుకునే కుటుంబం. నా వయసులో సగం కూడా ఉండదు. ఆ వేసవిలో అమ్మోనియా కొలిచే మిషన్ రిపేరుకి వెళ్లింది. పాత పద్ధతిలో, చేత్తో టైట్రేషన్ చేసి, అంటే రంగు మారేదాకా బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా ద్రావణం దించి, కొలవాలి. ఆ పద్ధతి చేత్తో చేసినవాళ్లు ల్యాబులో ఎవరూ లేరు. కాబట్టి నా రాకతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "మీరు రావడం నా అదృష్టం సార్" అంది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆమె ప్రశ్న ఇది. చెరువు నీళ్లలో అమ్మోనియా పెరిగితే రొయ్య చస్తుంది. అందుకని రైతులు దుకాణంలో ప్యాకెట్లు కొని పొడులు చల్లుతారు. అవి బాగా ఖరీదు. కొందరు మాత్రం ఇంట్లోనే బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి ఆ రసం చెరువులో పోస్తారు. దాన్ని జ్యూస్ అంటారు. ఆ జ్యూస్ నిజంగా పనిచేస్తుందా, లేక పోసినవాడి తృప్తేనా? సగం తొట్లలో జ్యూస్ పోసి, సగంలో పొయ్యకుండా ఆమె రెండేళ్లుగా చూస్తోంది.

జులైతో ఆమె ఫెలోషిప్ అయిపోతుంది. పని ముగియాలంటే ఇంకో ఏడాది కావాలి. ఇవ్వొచ్చా, లేదా అని తేల్చడానికి వేసవి చివర్లో బయటినుంచి ఒక నిపుణుడు వచ్చి చూస్తాడు. ఆయన వద్దంటే ఆమె కోసం ఒక రొయ్యల మేత (ఫీడు) కంపెనీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. గట్ల వెంట తిరిగి రైతులకు పొడి ప్యాకెట్లు అమ్మే ఉద్యోగం.

"ఆ ప్యాకెట్లు అక్కర్లేదేమో చూద్దామని రెండేళ్లు కూర్చున్నానండి. చివరికి వాటినే అమ్ముకు తిరగాలేమో" అని నవ్వుతూ చెప్పింది. నవ్వు మాత్రం పెదవుల దగ్గరే ఆగిపోయింది.

అప్పుడే నేను మనసులో ఒక నిర్ణయానికొచ్చాను. ఈ పిల్లను పాస్ చేయించాలి.

ఇక్కడ కాసేపు ఆగి, మన కాలేజీల సంగతి ఒకటి చెప్పాలి. ఇంటర్ ప్రాక్టికల్ పరీక్షలకు వేరే కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వస్తాడు. ఎక్స్‌టర్నల్ అంటాం. ఆయన దిగగానే ఇడ్లీ, ఎండెక్కేసరికి కొబ్బరినీళ్లు, మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో భోజనం. ఆయన భోజనం చేసి చేయి కడుక్కునేలోగా చాలా పనులు జరిగిపోతాయి. టైట్రేషన్‌లో ఎంత రావాలో నేను బల్లల మధ్య తిరుగుతూ, నాలో నేను లెక్క వేసుకుంటున్నట్టు గొణిగేవాణ్ణి. పిల్లలు అది విని రాసుకునేవాళ్లు. రీడింగు రాయగానే బ్యూరెట్ ఖాళీ చేసి కడిగేయమని నేర్పాను. దానికి శుభ్రత అని పేరు పెట్టాను. వచ్చిన ఎక్స్‌టర్నల్‌కి ఇదంతా తెలుసు. వారం తిరక్కుండా నేను ఆయన కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లేవాణ్ణి. అప్పుడు నాకూ అంతా తెలుసు.

ఇది మోసమని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. పిల్లల మీద ప్రేమ అనుకున్నాను. ఆ ప్రేమనే భీమవరం మోసుకెళ్లాను.

పని మొదలైంది. నీళ్లు మరిగించి, వచ్చే అమ్మోనియాను వేరే ద్రావణంలో పట్టి, దాన్ని బ్యూరెట్‌తో కొలుస్తాం. బ్యూరెట్‌లో ఎక్కువ దిగితే అమ్మోనియా ఎక్కువ. జ్యూస్ పొయ్యని తొట్లకు పన్నెండు దాకా వచ్చేది. పోసిన తొట్లకు నాలుగు దగ్గర ఆగేది. రెండు రోజుల్లోనే నాకు జవాబు తెలిసిపోయింది. జవాబు తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ని ఎవరాపగలరు?

షెడ్డులో పడమటి వైపు తొట్లు మాత్రం మాట వినలేదు. జ్యూస్ పోసినా అప్పుడప్పుడు పది, పదకొండు చూపించేవి. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? నా చెయ్యి తప్పిందనుకున్నాను. పరీక్షలో చివరి బల్ల కుర్రాడికి తేడా వాల్యూ వస్తే సైన్సు మారిపోయిందనుకోం కదా, కుర్రాడు తప్పు చేశాడనుకుంటాం. అలా నా చేతినే ఆ కుర్రాడిని చేసి, వాడికి సాయం చేశాను. మొదట్లో కొద్దిగా. ఒక వారం తర్వాత ధారాళంగా.

"సార్, పడమటి తొట్లలో ఏమైనా తేడాగా వస్తోందాండీ?" అని ఒక రోజు ఆ అమ్మాయి అడిగింది. "కిందటేడు ఒకట్రెండు సార్లు ఎక్కువ చూపించాయండి. మిషన్ తప్పేమో అనుకున్నాను."

"అబ్బే, చక్కగా వస్తున్నాయమ్మా. నువ్వేం కంగారుపడకు."

"కంగారు కాదండి. తేడా ఉంటే చెప్పండి సార్, చూద్దాం."

"ఉంటే చెప్పనా?" అన్నాను.

ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు. వినయమనుకున్నాను. జువాలజీ మేడం ఒకసారి మా బల్ల దగ్గర నిలబడి, కంప్యూటర్‌లో వరసగా ఉన్న నా అంకెలను చూసి, "మీ రీడింగులు కొత్తగా కాపురానికొచ్చిన కోడలిలా ఉన్నాయి మాష్టారూ. ఒక్కటీ ఎదురు మాట్లాడట్లేదు" అంది. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను.

నిపుణుడొచ్చే రోజు రానే వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో తన మంచినీళ్ల సీసా తనే పట్టుకుని దిగాడు. విశాఖపట్నం వైపు ఎక్కడో ప్రొఫెసర్‌గా చేసి రిటైరయ్యాడట. ఆయన్ని చూడగానే నాలోని ముప్పై ఏళ్ల అనుభవం లేచి నిలబడింది. ఆత్రేయపురం పూతరేకులు ముందు రోజే తెప్పించి ఉంచాను.

"షుగరండి" అన్నాడాయన.

"కొబ్బరినీళ్లు?"

"వద్దండి. పాలు, పంచదార లేకుండా డికాషన్ దొరికితే చాలు."

రోడ్డు మీద టీ కొట్టువాడితో ప్రత్యేకంగా కాయించి ఫ్లాస్కులో తెచ్చాను. ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "సార్, ఇవన్నీ ఎందుకండీ? ఆయన చూడ్డానికి వచ్చారు" అంది. "నీకు తెలీదమ్మా, ఇవన్నీ నాకొదిలెయ్" అన్నాను.

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు అంకెలు చూశాడు. కిందటేడువి చూశాడు, ఈ వేసవివి చూశాడు. మళ్లీ కిందటేడువి చూశాడు.

"ఈ వేసవివి ఎవరు తీశారండి?"

"నేనేనండి" అన్నాను.

"చాలా బాగున్నాయి. ఇంత చక్కగా కలిసే రీడింగులు నా జన్మలో నేను తియ్యలేకపోయాను."

"ముప్పై ఏళ్ల అనుభవమండి" అన్నాను, చేతులు కట్టుకుని. ఆ అమ్మాయి నావైపు చూసింది. పక్కనే ఉన్న పరిశోధనశాల డైరెక్టరు గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ గదిలో ఆ మాటను పొగడ్త అనుకున్నది నేనొక్కణ్ణేనని ఇప్పుడనిపిస్తుంది.

ఆయన ఖాళీ సీసాలు నాలుగు తీసుకుని, టీ కప్పు కూడా చేత్తో పట్టుకుని, ఒక్కడే షెడ్డులోకి వెళ్లాడు. తిరిగొచ్చి సీసాలు బల్ల మీద పెట్టాడు. వాటి మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు తప్ప ఏమీ లేవు. "ఇవి చేసి చూపించండి" అని, దూరంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అంకెలతో నాకేం పని? జ్యూస్ పోసిన నీళ్లకు లేత గోధుమరంగు ఉంటుంది. మొదటి రెండు సీసాలు తేటగా ఉన్నాయి, మూడు, నాలుగు గోధుమరంగులో ఉన్నాయి. పరీక్ష పత్రం ముందే చదివినంత హాయిగా మొదలుపెట్టాను. ఒకటో సీసాకు పన్నెండు. రెండోదానికి పదకొండున్నర. మూడోదానికి నాలుగు. నేను చదువుతుంటే ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తోంది. నాలుగో సీసాకు నాలుగు దాటినా రంగు మారలేదు. ఐదు, ఆరు, ఎనిమిది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇది పడమటి తొట్టి నీళ్లయి ఉంటుందనుకున్నాను. ఇంకాసేపట్లో ఈ పిల్ల భవిష్యత్తు తేలుతుంది, ఆ పాడు తొట్టి ఇప్పుడే అడ్డం తిరగాలా అనుకున్నాను. పన్నెండు దగ్గర రంగు మారింది.

"నాలుగు పాయింట్ రెండు" అన్నాను. అదే ఊపులో కుళాయి తిప్పి, బ్యూరెట్ ఖాళీ చేసి, కడిగేశాను.

ఆయన లేచి వచ్చాడు. "నాలుగో సీసా ఏ తొట్టిదంటారు?"

"జ్యూస్ పోసినదేనండి."

"ఎలా తెలిసింది?"

"రీడింగే చెప్తోంది కదండీ."

ఆయన తన టీ కప్పు బల్ల మీద పెట్టాడు. ఖాళీ కప్పు. "అది జ్యూస్ పొయ్యని తొట్టి నీళ్లండి. రంగు కోసం మీరిచ్చిన డికాషన్ కాస్త కలిపాను" అన్నాడు. కోపం లేదు, వెటకారం కూడా పెద్దగా లేదు. "డికాషన్‌కి అమ్మోనియా అంతలా తగ్గిపోయేటట్టయితే గోదావరి జిల్లాల్లో రొయ్యల రైతుకి ఇక ఏ దిగులూ ఉండదు."

ఆయన ఎవరివైపూ చూడకుండా, "ఇదెలా జరిగింది?" అని అడిగాడు.

ఆ అమ్మాయి బ్యూరెట్ వైపు చూసింది. అది శుభ్రంగా, ఖాళీగా ఉంది. తర్వాత నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ ఫ్యాను రెక్క ఒకదానికి బూజు పట్టి ఉంది. ఇప్పటికీ నాకు అది కళ్లకు కట్టినట్టుంది.

"ప్రయోగం నాదండి" అంది ఆమె. "బాధ్యత నాదే."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ముప్పై ఏళ్లు గొణిగిన నోరు, అవసరమైనప్పుడు గొణగను కూడా లేదు.

ఆయన మెల్లగా చెప్పాడు. ఏ అంకె చూసి రాసిందో, ఏ అంకె అనుకుని రాసిందో తెలియనప్పుడు రెండేళ్ల రీడింగులూ పక్కన పెట్టాల్సిందే. పొడిగింపు కావాలని తాను రాయలేడు. ఆమె తలూపి, ల్యాప్‌టాప్ మూసి, సీసాలు తనే కడగడం మొదలుపెట్టింది.

మర్నాడు కార్యక్రమం ముగింపు సభ. అక్కడ నేను లేచి అందరి ముందూ నిజం చెప్పేశానని మీరనుకుంటున్నారేమో. లేదు. సర్టిఫికెట్ తీసుకున్నాను, "నేను నేర్చుకున్నది" అనే అంశం మీద మాట్లాడాను, భోజనం చేసి తణుకు బస్సెక్కాను. బాగా మాట్లాడానని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆ అమ్మాయి సభకు రాలేదు.

ఇంటికొచ్చాక వారం రోజులు రకరకాల సమాధానాలు చెప్పుకున్నాను. ఆమె మంచికే కదా చేసింది. ఆ ముసలాయన అలాంటి మాయ చెయ్యకూడదు కదా. ఫీడు కంపెనీలో జీతం బాగానే ఉంటుంది కదా. ఒక్కొక్కటీ ఒక పూట పనిచేసేది, రెండో పూటకు చెల్లేది కాదు.

ఒక మధ్యాహ్నం జువాలజీ మేడం ఫోన్ చేసింది. "ఆ అమ్మాయి సోమవారం కంపెనీలో చేరుతోందట మాష్టారూ. మీకు చెప్పిందా?"

"లేదండి."

"మీకెందుకు చెప్తుంది లెండి" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే భీమవరం బస్సెక్కాను. నేను వెళ్లేసరికి ఆమె షెడ్డులో తొట్లు ఖాళీ చేయిస్తోంది. నన్ను చూసి, "ఏమైనా మర్చిపోయారా సార్?" అంది.

"ఆ రోజు బ్యూరెట్‌లో పన్నెండు ఉందమ్మా" అన్నాను.

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"సీసాలో ఉన్నది జ్యూస్ పొయ్యని తొట్టి నీళ్లు. పన్నెండే కదండీ ఉంటుంది." గొట్టం కట్టేసి నావైపు తిరిగింది. "మిగతావో సార్? ఈ వేసవంతా తీసినవి?"

"జ్యూస్ పొయ్యనివి నిజమే. పోసిన తొట్లలో కొన్ని సర్దాను. పడమటివి చాలా మట్టుకు."

ఆమె తడి చేతులు తుడుచుకుంది. తర్వాత అడిగింది, "నేను అడిగాను కదండీ. తేడా ఉంటే చెప్పమని అడిగాను కదా."

"నీకు పొడిగింపు రావాలనమ్మా..."

"నాకు మార్కులొద్దండి. ఆ నీళ్లలో ఏముందో కావాలి." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "నన్ను మీ ఇంటర్ పిల్లలా చూశారండి. రెండేళ్లు ఈ షెడ్డులో పడున్నదాన్ని, నాకు జవాబు మీరు చెవిలో చెప్పాలా?"

ఇద్దరం డైరెక్టరు గారి గదికి వెళ్లాం. అంతా చెప్పాను. సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇచ్చినది వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదండి" అన్నారు. తర్వాత ఆ నిపుణుడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి నాకిచ్చారు. మళ్లీ మొదట్నుంచి చెప్పాను.

"నాకు అప్పుడే అనుమానం వచ్చిందండి" అన్నాడాయన. "మీరు కుళాయి తిప్పుతూనే ఉన్నారు. నాలుగు కొలవడానికి అంతసేపు పట్టదు."

"మరి ఆ రోజే ఆ అమ్మాయి తప్పు లేదని అనొచ్చు కదండీ?"

"నేను చూసింది ఒక తప్పు అంకె. దాన్ని ఎవరు, ఎందుకు మార్చారన్నది నా ఊహ. ఊహించింది రాస్తే మీకూ నాకూ తేడా ఏంటండీ? ఇప్పుడు మీరు చెప్పారు కాబట్టి రాస్తాను."

రాశాడు. ఈ వేసవి రీడింగులన్నీ కొట్టెయ్యాలి, అంతకుముందు ఆమె తీసినవి ఉంచొచ్చు. ఆమెకు రెండు నెలల గడువివ్వాలి, ఈ విడత మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి. అది చూశాక పొడిగింపు సంగతి. ఆమె ఫీడు కంపెనీకి రానని చెప్పేసింది. ఆ ఉద్యోగం వాళ్లు వెంటనే ఇంకొకరికి ఇచ్చేశారు. రెండు నెలల తర్వాత ఈ పని నిలబడకపోతే ఆమె చేతిలో ఏదీ ఉండదు.

"నేనూ వస్తానమ్మా. ఆదివారాలు వస్తాను, మిగతా రోజులకు సెలవు పెడతాను" అన్నాను.

"సీసాలు కడుగుతారా?" అంది.

"కడుగుతాను."

"బ్యూరెట్ ముట్టుకోకూడదండి."

ముట్టుకోలేదు. వానాకాలమంతా తణుకు నుంచి భీమవరం బస్సుల్లో తిరిగాను. సీసాలు కడిగాను, తొట్లకు నీళ్లు పట్టాను, బెల్లం దంచాను, తవుడు జల్లించాను. రీడింగులు ఆమె ఒకసారి, తోటి పరిశోధకుడు ఒకసారి విడివిడిగా చదివేవాళ్లు, ఒకరి అంకె ఒకరికి చెప్పుకోకుండా. ఏ సీసా ఏ తొట్టిదో వాళ్లిద్దరికీ తెలియదు. వాళ్ల అంకెలు నావంత అందంగా కలవలేదు. ఒక్కోసారి కొంచెం అటూ ఇటూగా ఉండేవి. అవి చూస్తే నాకు ఇదివరకు చిరాకేసేది. అప్పుడు మాత్రం మనుషుల్ని చూసినట్టుండేది.

ఏ సీసా ఏ తొట్టిదో చివర్లో విప్పి చూసుకుంటే, పడమటి తొట్లు మళ్లీ పది, పదకొండు చూపించాయి. ఆమె ఆనందం పట్టలేక షెడ్డంతా రెండుసార్లు తిరిగింది. తర్వాత పైపుల వెంట నడుచుకుంటూ వెళ్లి, ఆ వరస తొట్లకు నీళ్లు వేరే బోరు నుంచి వస్తున్నాయని తేల్చింది. ఆ బోరు నీళ్లలో ఉప్పు బాగా ఎక్కువ. ఆ నీళ్లను మామూలు తొట్టిలో పోసి చూసింది, మామూలు నీళ్లను పడమటి తొట్టిలో పోసి చూసింది. ఉప్పెక్కువైతే జ్యూస్ సరిగ్గా పనిచెయ్యట్లేదు.

"ఇదేనండి నా రెండేళ్ల పనిలో దొరికిన కొత్త సంగతి" అంది. "మీరు వేసవంతా కష్టపడి చెరిపేసింది ఇదే."

పొడిగింపు వచ్చింది. అడిగిన ఏడాదీ ఇచ్చారు, ఈ ఉప్పు సంగతే తేల్చమన్నారు. ఆ రోజు అందరికీ కాజాలు పంచింది. నాకూ ఒకటి పెట్టింది. క్షమించానని మాత్రం అనలేదు, నేను అడగనూ లేదు.

ఆ ఫిబ్రవరిలో మా కాలేజీ ప్రాక్టికల్స్‌కి ద్రావణాలు నేను తయారుచెయ్యలేదు. పక్క మండలంలోని లెక్చరర్ని బతిమాలి, ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో గాఢతతో చేయించి తెచ్చుకున్నాను. ఎంత రావాలో నాకే తెలియకపోతే గొణగడానికి ఏమీ ఉండదు కదా. వచ్చిన ఎక్స్‌టర్నల్‌కి పెరుగన్నం పొట్లం ఇచ్చాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. కొందరు పిల్లలకు మార్కులు తగ్గాయి. "రిటైరయ్యే ముందు మీకీ కొత్త నిష్ఠ ఏంటండీ?" అని ప్రిన్సిపాల్ గారు నలుగురిలో అడిగారు. నా నిష్ఠకు తగ్గింది ఆ పిల్లల మార్కులు, నావి కాదు. పట్టుకోవడం ఎలాగో నేర్పకుండా ఏళ్ల తరబడి బ్యూరెట్లు వాళ్ల చేతికిచ్చింది నేను. ఆ మాట కూడా రాయకపోతే ఈ వ్యాసం ఇంకో సర్దిన రీడింగవుతుంది. మరుసటేడు మాత్రం జూన్ నుంచే ల్యాబు తెరిచి పెట్టాను.

అంతటితో అయిపోలేదు. నేను భీమవరంలో ఉన్న వేసవిలో ఆ పరిశోధనశాల చూడ్డానికి వచ్చిన సముద్రం వైపు రైతులకు, "ఏ నీళ్లయినా సరే, జ్యూస్ పోస్తే అమ్మోనియా దిగాల్సిందేనండి" అని చెప్పింది నేనే. వాళ్లవి ఉప్పు చెరువులు. కొందరు పోశారట కూడా.

ప్రాక్టికల్స్ అయిన కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. తమ ఊళ్లో రైతులకు కొత్త సంగతి చెప్పడానికి వెళ్తున్నానంది. "ఆ మాట మీరే చెప్పాలి సార్. అప్పుడు తప్పు చెప్పింది మీరే కదా."

నరసాపురం దాటాక ఆటోలో వెళ్లాం. చెరువు గట్టు మీద తాటాకు పాక, నలుగురైదుగురు కూర్చున్నారు. మేత బస్తాల మీద మమ్మల్ని కూర్చోమన్నారు. ఆమె తన ఊరివాళ్లను పేరు పేరునా పలకరించి, నావైపు చూసి ఊరుకుంది.

నేను లేచాను. పోయిన వేసవి ల్యాబులో మీకు చెప్పింది తప్పండి, ఉప్పు నీళ్లలో అది సరిగ్గా పనిచెయ్యదు, నాకు కనిపించినా దాచాను అని చెప్పాను. ఎలా దాచానో కూడా చెప్పాను. అనుకున్నదానికన్నా తక్కువసేపే పట్టింది.

వాళ్లలో ఒక పెద్దాయన బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. "నేను పోశానండి, మీరన్నారని" అన్నాడు. ఎంత పోయిందో ఆయన చెప్పలేదు. నేను అడిగాను. "పోయింది లెండి" అని చెయ్యి ఊపాడు. తర్వాత నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఏం మాష్టారూ, మీ కాలేజీలో పిల్లలకీ ఇలాగే చెప్తారాండీ?" అన్నాడు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, నేనేమంటానో అని చూస్తోంది.

"చెప్పానండి" అన్నాను. "మొన్న ఫిబ్రవరి దాకా."

ఆయన పక్కన పెట్టిన బీడీ మళ్లీ అందుకుని, "సరే కూర్చోండి, ఇప్పుడేం పొయ్యాలో ఆ పిల్లని చెప్పనివ్వండి" అన్నాడు. నేను మేత బస్తా మీద కూర్చున్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.